దారి పక్కన దిగితే ఊరు: జపాన్ ‘మిచి నో ఎకి’ల కథ



జపాన్ పల్లెల్లో పొద్దున ఎనిమిది కాకముందే రోడ్డు పక్కన ఒక సందడి కనిపిస్తుంది. కార్లు నిలుపుకోవడానికి విశాలమైన జాగా, దాని వెనక వాలు కప్పుతో పొడవాటి భవనం. ముందు తలుపు ఇంకా తెరవరు. పెరటి గుమ్మం దగ్గర మాత్రం తెల్లటి బుల్లి ట్రక్కులు వరుస కడతాయి. వీటిని అక్కడ ‘కేయ్ ట్రక్’ అంటారు. ఇంజను 660 సీసీ మించదు, ఎంత ఇరుకు పొలం దారిలోనైనా దూరిపోతుంది. అందులోంచి డెబ్బై దాటిన రైతు దిగుతాడు. తెల్లవారుజామున పీకిన ముల్లంగి, కడిగి కట్టిన ఆకుకూర, నాలుగు గుమ్మడికాయలు కిందికి దించుతాడు. గోడ పక్కనున్న చిన్న యంత్రంలో తన నంబరు, సరుకు పేరు, ధర నొక్కుతాడు. లేబుళ్లు బయటికొస్తాయి. కట్టకొకటి చొప్పున అంటించి, తన అరలో సర్ది, పక్కవాడి సరుకు ఎలా ఉందో ఓ చూపు చూసి వెళ్లిపోతాడు. తలుపు తెరిచే సమయానికి బయట కొనేవాళ్లు నిలబడి ఉంటారు.

ఈ చోటునే ‘మిచి నో ఎకి’ అంటారు, అంటే దారి స్టేషన్. జపాన్‌లో ఇలాంటివి ఇప్పుడు 1,200 దాటాయి. టోక్యో, క్యోటో చూసి బుల్లెట్ రైలెక్కి తిరిగొచ్చే విదేశీయులకు ఇవి కంట పడవు, ఎందుకంటే ఇవి చాలావరకు రైలు దారిలో ఉండవు. టోల్ కట్టి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వేల మీద కూడా కాకుండా కొండల మధ్య, సముద్రపు ఒడ్డున, వరి పొలాల నడుమ సాగే మామూలు రోడ్ల మీద ఉంటాయి.

వీటి పుట్టుక 1990 జనవరి నాటిది. ప్రాంతాల అభివృద్ధి గురించి హిరోషిమాలో ఒక సమావేశం జరిగింది. రైలు దారికి స్టేషన్లున్నాయి కదా, కారు దారికి ఎందుకు ఉండకూడదని వచ్చినవారిలో ఒకరు అడిగారు. అప్పటికి ఎక్స్‌ప్రెస్‌వేల మీద సర్వీస్ ఏరియాలు ఉన్నాయి. మామూలు రోడ్ల మీద ఏమీ లేవు. మరోవైపు కార్లు పెరిగాయి, దూర ప్రయాణాలు పెరిగాయి, ఆడవాళ్లూ పెద్ద వయసువాళ్లూ సొంతంగా నడపడం మొదలుపెట్టారు. మూత్రానికి ఆగాలన్నా దారిలో చోటు ఉండేది కాదు. 1991 అక్టోబరులో యామాగుచి, గిఫు, తొచిగి ప్రిఫెక్చర్లలో, అంటే అక్కడి రాష్ట్రాల్లాంటి పాలనా ప్రాంతాల్లో, ప్రయోగం మొదలైంది. గుడారాలు వేశారు, తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టారు, ఊళ్లో పండిన సరుకు బల్లల మీద పరిచారు. జనం ఆగారు, కొన్నారు. 1993 ఏప్రిల్‌లో జపాన్ నిర్మాణ మంత్రిత్వ శాఖ మొదటి విడతగా 103 చోట్లను నమోదు చేసింది. యామాగుచి ప్రిఫెక్చర్‌లోని అబు అనే చిన్న పట్టణం మిచి నో ఎకిలు తమ ఊళ్లోనే పుట్టాయని నేటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

నిబంధనలు కొన్నే, కానీ గట్టివి. పార్కింగ్ ఉచితం, 24 గంటలూ తెరిచి ఉండాలి. మరుగుదొడ్లూ అంతే. టెలిఫోన్ ఉండాలి. రోడ్డు సమాచారం, ఊరి సమాచారం చెప్పే చోటు ఉండాలి. స్థాపించేది పట్టణ పాలక సంస్థ గానీ దానికి సంబంధించిన సంస్థ గానీ కావాలి. ఇవి ఉంటేనే కేంద్ర మంత్రిత్వ శాఖ ఆ పేరు వాడుకోనిస్తుంది. దుకాణం, భోజనశాల, వేడినీటి స్నానశాల, ఇంకేం పెట్టుకుంటారన్నది ఊరి ఇష్టం. చాలాచోట్ల పార్కింగూ మరుగుదొడ్లూ రోడ్ల శాఖ ఖర్చుతో కడతారు, మిగతా భవనం ఊరు కట్టుకుంటుంది.

మొత్తం ఏర్పాటులో తెలివంతా ఈ ఖర్చు పంపకంలోనే ఉంది. ఒక పల్లె రైతు తన కూరగాయల కోసం నగరవాసిని కారు ఆపమంటే ఆపడు. శుభ్రమైన మరుగుదొడ్డి ఉందంటే ఆపుతాడు. కాళ్లు చాపుకుని, మొహం కడుక్కుని, పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనడానికి లోపలికి అడుగు పెడితే ఎదురుగా పొద్దున కోసిన టమాటాలు కనిపిస్తాయి. ప్రచారానికి పైసా లేని రైతు గుమ్మం దాకా కొనేవాణ్ణి తెచ్చి నిలబెట్టేది ప్రజల డబ్బుతో కట్టిన ఆ ఉచిత సదుపాయమే.

మరి అక్కడ అమ్మితే రైతుకు ఒరిగేదేమిటి? అది తెలియాలంటే జపాన్ మార్కెట్ తీరు కొంచెం తెలియాలి. అక్కడి రైతులు ఎక్కువగా వ్యవసాయ సహకార సంఘాల ద్వారా టోకు మార్కెట్‌కు సరుకు పంపుతారు. సంఘానికి కచ్చితమైన కొలతలుంటాయి. దోసకాయ పొడవు ఇంత, వంపు ఇన్ని సెంటీమీటర్లలోపు, క్యారట్‌కు రెండు కాళ్లు ఉండకూడదు, టమాటా మీద మచ్చ ఉండకూడదు. ఒకే పంట పెద్ద మొత్తంలో, ఒకే సైజులో ఇవ్వగలిగినవాళ్లకు ఆ దారి బాగానే ఉంటుంది. అర ఎకరంలో పది రకాలు వేసుకునే ముసలి దంపతులకు అందులో చోటు లేదు. వంకర దోసకాయ రుచిలో ఏమీ తీసిపోదు, కానీ దానికి మార్కెట్ లేదు. చాలామంది దాన్ని పొలంలోనే వదిలేసేవారు.

మిచి నో ఎకిలో కొలబద్ద లేదు. ధర రైతే పెడతాడు. అమ్ముడైనదానిపై సాధారణంగా 15 నుంచి 20 శాతం కమీషన్ దుకాణం తీసుకుంటుంది, మిగతాది రైతు ఖాతాలో పడుతుంది. మిగిలిన సరుకు సాయంత్రం రైతే వచ్చి తీసుకుపోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లు మన శ్రోతలకు తెలిసినవే. అక్కడా దళారి లేడు, కానీ ధర మాత్రం అధికారుల ఆధ్వర్యంలో నిర్ణయమై బోర్డుకెక్కుతుంది, రైతు బల్ల దగ్గర కూర్చుని తూచి ఇవ్వాలి. జపాన్ రైతు ధర రాసి పెట్టి పొలానికి వెళ్లిపోతాడు, డబ్బు తీసుకునేది కౌంటరు. ఎక్కువ ధర పెడితే సరుకు మిగిలిపోతుంది, తక్కువ పెడితే పక్క అర రైతు మొహం మాడ్చుకుంటాడు. ఆ లెక్క ఎవరికి వారే నేర్చుకోవాలి.

ఒక ముల్లంగి మీది లేబుల్‌ను దగ్గరగా చూస్తే ఈ పద్ధతి మొత్తం అర్థమవుతుంది. అరచేతిలో సగం కూడా లేని కాగితం. పైన సరుకు పేరు, దాని కింద ధర, బార్‌కోడ్, తెచ్చిన తేదీ. అడుగున పండించిన మనిషి పూర్తి పేరు, ఊళ్లో ఏ పేటో. కొన్నిచోట్ల అర మీద ఆ మనిషి ఫొటో కూడా ఉంటుంది, తలకు తువ్వాలు చుట్టుకుని నవ్వుతూ. వారం వారం వచ్చేవాళ్లు కూర చూసి కొనడం మానేసి పేరు చూసి కొనడం మొదలుపెడతారు. ఫలానా ఆవిడ వంకాయలు అయిపోయాయా అని కౌంటర్లో అడుగుతారు. పేరు కనిపించాక రైతు కూడా కుళ్లినది కట్ట మధ్యలో దాచలేడు.

ఎహిమె ప్రిఫెక్చర్‌లోని ఉచికో పట్టణం ఇందులో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకప్పుడు పొగాకు పండించిన కొండ ఊరు అది. ‘కరరి’ అనే పేరుతో 1990ల నడుమ అక్కడ దుకాణం తెరిచారు. ఏ రైతు సరుకు ఎంత అమ్ముడైందో కౌంటరు లెక్కల నుంచి తీసి, ఇంట్లో ఉన్న రైతుకే ఎప్పటికప్పుడు తెలిపే ఏర్పాటు పెట్టారు. మొదట్లో ఫ్యాక్సు, ఫోను, తరువాత మొబైలు. మధ్యాహ్నానికి తన పాలకూర అయిపోయిందని తెలిస్తే పొలంలోకి వెళ్లి ఇంకో ఇరవై కట్టలు కోసి తెస్తారు. స్మార్ట్‌ఫోన్లు రాని రోజుల్లోనే, డెబ్బై ఏళ్ల ఆడవాళ్లు రోజుకు ఎన్నోసార్లు అమ్మకం లెక్కలు చూసుకుని పంట కోత నిర్ణయించుకున్నారంటే చిన్న సంగతి కాదు. తరువాతి ఏడు ఏ విత్తనం ఎప్పుడు వేస్తే అర ఖాళీగా ఉండదో వాళ్లకు ఆ లెక్కలే చెప్పాయి.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. జపాన్ రైతు కుటుంబాల్లో సహకార సంఘం నుంచి వచ్చే డబ్బు సాధారణంగా ఇంటి పెద్ద పేరు మీది ఖాతాలోకి వెళ్లేది. పొలంలో సగం పని చేసిన భార్య చేతికి విడిగా ఏమీ వచ్చేది కాదు. ఇలాంటి దుకాణాల్లో సరుకు తెచ్చినవాళ్ల పేరు మీదే ఖాతా. పెరటి కూరలు, ఎండబెట్టిన పుట్టగొడుగులు, ఇంట్లో చేసిన మిసో అనే సోయా ముద్ద, ఎర్ర చిక్కుడు పూర్ణం పెట్టిన బియ్యపు ఉండలు అమ్మి, అరవై దాటాక మొదటిసారి తమ పేరున పాసు పుస్తకం చూసుకున్న స్త్రీలు జపాన్ పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని మార్పు అది.

ఇక దుకాణం లోపలికి వెళ్దాం. ఏ నెలలో వెళ్లామన్నదాన్ని బట్టి సరుకు పూర్తిగా మారిపోతుంది. వసంతంలో వెదురు మొలకలు వస్తాయి. మట్టి అంటుకున్న, ముంజేయంత మొలకలు. వాటి పక్కనే చిన్న పొట్లాల్లో తవుడు ఉంటుంది, చాలాచోట్ల ఊరికే ఇస్తారు. తవుడు వేసి ఉడికిస్తే మొలకలోని చేదు పోతుందని కొనేవాళ్లందరికీ తెలుసు. అప్పుడే కొండల్లో ఏరుకొచ్చిన అడవి ఆకులూ మొగ్గలూ కట్టలు కట్టి పెడతారు. ఎండాకాలం మొక్కజొన్న, టమాటా, వంకాయ, పుచ్చకాయ. ఆగస్టులో పితృదేవతలు ఇళ్లకు వస్తారని జపనీయులు నమ్మే ‘ఒబోన్’ రోజులకు ముందు సమాధుల దగ్గరా, ఇంట్లోని పూజా మందసం ముందరా పెట్టే పూల కట్టలతో సగం దుకాణం నిండిపోతుంది. ఆకురాలు కాలంలో చెస్ట్‌నట్‌లు, పుట్టగొడుగులు, తునికి జాతికే చెందిన కాకీ పళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా కొత్త బియ్యం. పొట్టు మాత్రమే తీసిన ముడి బియ్యాన్ని ఎదురుగానే చిన్న మరలో వేసి, ఎంత పాలిష్ కావాలంటే అంత పట్టి ఇచ్చే చోట్లున్నాయి. అన్నం తినే జాతికి కొత్త బియ్యం వాసన ఎలాంటిదో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చలికాలంలో ముల్లంగి, చైనా క్యాబేజీ, నారింజ జాతి పళ్లు.

తిండి సంగతికొస్తే, మిచి నో ఎకి భోజనశాలల్లో నగరం హోటళ్ల హంగు ఉండదు. టికెట్ యంత్రంలో డబ్బు వేసి బొమ్మ నొక్కాలి, నంబరు పిలిచినప్పుడు ట్రే తెచ్చుకోవాలి. కానీ ఆ ఊళ్లో పండినదే ఆ గిన్నెలో ఉంటుంది. తొచిగి ప్రిఫెక్చర్‌లోని మొతెగి ఊళ్లో యుజు అనే నిమ్మజాతి పండు పండుతుంది. అక్కడి మిచి నో ఎకిలో యుజు వేసిన ఉప్పు రసం రామెన్ నూడుల్స్‌కు పెద్ద పేరు. గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంటే, కొన్ని రోజుల్లో పక్కనుంచే మొఒకా లైనులో ఆవిరి రైలు బండి వెళ్తుంది. ఇజు ద్వీపకల్పంలో కొండ వాగుల నీళ్లలో వసాబి పెంచుతారు. అక్కడి అమాగి కనుమ దగ్గర ఆగితే ఐస్‌క్రీమ్ మీద అప్పటికప్పుడు తురిమిన పచ్చటి వసాబి పెట్టి ఇస్తారు. మొదట చల్లదనం తగులుతుంది, వెంటనే ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. షోదోషిమా దీవిలో ఆలివ్, సోయా సాస్ రెండూ తయారవుతాయి కాబట్టి ఐస్‌క్రీమ్ కూడా ఆ రెండు రుచుల్లో దొరుకుతుంది. జపాన్ దక్షిణాన కగోషిమాలోని తరుమిజులో దాదాపు 60 మీటర్ల పొడవున వేడినీటి కాలువ కట్టారు. అందులో పాదాలు పెట్టుకుని, అఖాతం అవతల పొగలు చిమ్మే సకురజిమా అగ్నిపర్వతాన్ని చూస్తూ కూర్చోవచ్చు.

యామాగుచిలోని హగి ఊళ్లో ‘షీమార్ట్’ అనే మిచి నో ఎకి చేపల రేవు పక్కనే ఉంది. అక్కడి వలల్లో ‘కింతరో’ అనే చిన్న ఎర్ర చేప పడుతుంది. మన కోస్తాలో గులివిందలు అనే చేపల జాతే అది. రుచి ఉన్నా చిన్నదని ధర పలికేది కాదు. దాన్ని నూనెలో ఊరబెట్టి సీసాలకెత్తి, నగరాల్లో కొనే సరుకుగా మార్చింది ఈ దుకాణమే.

పనికిరాదనుకున్నదాన్ని పనికొచ్చేలా చేయడంలో అందరికంటే ముందు నడిచింది మాత్రం చిబా ప్రిఫెక్చర్ దక్షిణపు కొసనున్న తొమియురా. ఆ ఊరి పంట బివా, అంటే లోక్వాట్. నిమ్మకాయంత నారింజ రంగు పండు, లోపల నున్నటి గోధుమ రంగు గింజలు. ఏటా రాజకుటుంబానికి కానుకగా వెళ్లేంత పేరున్న పండు అది. కానీ మహా సుకుమారం. వేలు గట్టిగా తగిలితే చాలు, ఆ చోట నల్లబడుతుంది. నల్లబడ్డ పండును ఎవరూ కొనరు. 1993లో ‘బివా కురబు’ అనే పేరుతో తెరిచిన మిచి నో ఎకి ఆ పళ్లను కొని గుజ్జు తీసింది. జామ్, జెల్లీ, ఐస్‌క్రీమ్, చివరికి బివా గుజ్జు కలిపిన కర్రీ కూడా చేసింది. ఆకులను టీ కోసం ఎండబెట్టారు.

అయితే ఆ సంస్థ చేసిన అసలు పని అల్మరాల్లో కనిపించదు. టోక్యో నుంచి పర్యాటకుల బస్సు వస్తే అందులో నలభై మంది ఉంటారు. ఊళ్లోని ఏ ఒక్క స్ట్రాబెర్రీ తోటా, ఏ ఒక్క చిన్న హోటలూ అంతమందికి ఒకేసారి చోటివ్వలేదు. అందుకని బస్సులు వాళ్ల దగ్గరికి వచ్చేవి కావు. బివా కురబు మధ్యలో నిలబడి, బస్సు కంపెనీలతో తానే మాట్లాడి, ఇంతమంది ఈ తోటకు, ఇంతమంది ఆ హోటల్‌కు అని పంచింది. లెక్కలూ, చెల్లింపులూ, ఫిర్యాదులూ తానే చూసుకుంది. ఏ ఆఫీసూ లేని చిన్న రైతు కూడా పర్యాటకం ఆదాయంలో భాగం పొందాడు. 2015లో ప్రభుత్వం దేశం మొత్తం మీద ఆరింటిని జాతీయ నమూనాలుగా ఎంచినప్పుడు తొమియురా, ఉచికో, హగి, మొతెగి ఆ జాబితాలో ఉన్నాయి. గున్మా ప్రిఫెక్చర్‌లోని కవాబా కూడా ఉంది. సుమారు మూడు వేల మంది ఉండే ఆ కొండ ఊరికి ఇటీవల ఏడాదికి 20 లక్షల మందికి పైగా వస్తున్నారు. 1981 నుంచి టోక్యోలోని సెతగయా వార్డుతో ఆ ఊరు వియ్యమందుకున్నట్టు కలిసి నడుస్తోంది, అక్కడి బడి పిల్లలు కవాబాకు వచ్చి ఉండి పోతారు. పెద్దయ్యాక వాళ్లే తమ పిల్లలతో మళ్లీ వస్తారు.

తొమియురాకు దగ్గర్లోనే, క్యొనాన్ పట్టణంలో, ఇంకో రకం ఉంది. పిల్లలు తగ్గిపోయి జపాన్‌లో ఏటా వందల బడులు మూతపడుతున్నాయి. క్యొనాన్‌లో 126 ఏళ్లు నడిచిన హోతా ప్రాథమిక పాఠశాల 2014లో మూతపడింది. ఊరివాళ్లు దాన్ని కూలగొట్టలేదు. 2015 డిసెంబరులో అదే భవనంలో, అదే పేరుతో మిచి నో ఎకి తెరిచారు. వ్యాయామశాల కూరగాయల అంగడి అయింది. పై అంతస్తు తరగతి గదుల్లో పరుపులు వేసి, నల్లబల్లలు అలాగే ఉంచి, రాత్రి బస ఇస్తున్నారు. భోజనశాలలో బడి మధ్యాహ్న భోజనం దొరుకుతుంది, నూనెలో వేయించి పంచదార అద్దిన రొట్టెతో సహా. ఆ బడిలో చదువుకున్న ముసలివాళ్లు మనవలను తీసుకొచ్చి తమ తరగతి గదిని చూపిస్తుంటారు.

ఇంతవరకు విన్నవాళ్లకు ఇవన్నీ చల్లగా సాగిపోతున్నాయని అనిపించవచ్చు. అలా లేదు. 2020 వ్యవసాయ గణన నాటికి జపాన్‌లో వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉన్నవారి సగటు వయసు 67.8 ఏళ్లు. ట్రక్కు నడిపి సరుకు తెచ్చే మనిషి మంచాన పడితే ఆ అర ఖాళీ అవుతుంది. తరువాత నింపేవాళ్లు లేరు. కొన్ని దుకాణాలు బయటి ఊళ్ల టోకు సరుకు తెచ్చి అరలు నింపుతున్నాయి. అలా నింపిన రోజున అక్కడ ఆగడానికి కారణం పోతుంది. ఊరి సూపర్‌మార్కెట్‌లో దొరికేదే అయితే అంత దూరం ఎవరు వస్తారు? పక్క పక్క ఊళ్లు పోటీ పడి కట్టుకున్న చోట్ల జనం చీలిపోయి, ఊరి ఖజానా నుంచి ఏటా డబ్బు పోసి నడుపుతున్నవీ ఉన్నాయి.

ఊరగాయల కథ ఇంకా బాధ పెడుతుంది. 2012 ఆగస్టులో హొక్కైడోలో ఊరబెట్టిన చైనా క్యాబేజీ తిని, ఓ157 రకం ఇ.కోలై సోకి 8 మంది చనిపోయారు. ఆ తరువాత ఆహార పారిశుధ్య చట్టాన్ని మార్చారు. 2021 జూన్ నుంచి ఊరగాయలు చేసి అమ్మాలంటే లైసెన్సు తప్పనిసరి. ఇంటి వంటగది పనికిరాదు, వేరే గది కావాలి, వేళ్లు తగలకుండా తిప్పే కుళాయి కావాలి. మూడేళ్ల గడువు 2024 మే నెలాఖరుతో ముగిసింది. ఏడాదికి రెండు మూడు జాడీలు పెట్టి అమ్ముకునే ఎనభై ఏళ్ల బామ్మ దానికోసం గది కట్టించగలదా? చాలామంది మానేశారు. అకితా ప్రాంతంలో ‘ఇబురి గక్కో’ అని ఒకటి చేస్తారు. మంచు కురిసే చోట ముల్లంగిని ఎండలో ఎండబెట్టడం కుదరక, ఇంటి పొయ్యి మీద వేలాడదీసి కట్టెల పొగ పట్టించి, ఆపైన ఉప్పు, తవుడుతో ఊరబెడతారు. గోధుమ రంగుకు తిరిగి, కొరికితే కరకరలాడే ముక్కలో పొగ వాసన తగులుతుంది. ఇంటింటికీ రుచి వేరు. ఇప్పుడు ఆ తేడాలే పోతున్నాయి. చట్టం అనవసరమని ఎవరూ అనలేరు, మనుషులు చనిపోయారు. కానీ లైసెన్సు ఉన్న ఉమ్మడి వంటగదిని ఊరే కట్టి, గంటల లెక్కన బామ్మలకు ఇవ్వవచ్చు. కొన్ని ఊళ్లు ఆ పని చేశాయి, కొన్ని స్థానిక ప్రభుత్వాలు సబ్సిడీ ఇచ్చాయి. అన్ని మిచి నో ఎకిలూ ఆ పని చేసి ఉంటే ఎన్నో జాడీలు మిగిలేవి.

భూకంపాల దేశంలో ఈ చోట్లకు ఎవరూ ముందు అనుకోని ఇంకో ఉపయోగం బయటపడింది. 2004 అక్టోబరు 23న నీగాతా ప్రిఫెక్చర్‌లోని చుఎత్సు ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు ఇళ్లు వదిలిన జనం కార్లతో సహా మిచి నో ఎకిలకు చేరారు. పెద్ద పార్కింగ్, మరుగుదొడ్లు, తిండి, రోడ్డు సమాచారం అన్నీ ఒకే చోట ఉన్నాయి మరి. అప్పటినుంచి జనరేటర్లు, నీటి తొట్లు, ఆహార నిల్వలు పెట్టడం మొదలైంది. 2021లో ప్రభుత్వం 39 చోట్లను విపత్తు కేంద్రాలుగా ప్రత్యేకంగా ఎంచింది.

చిబాలోని ముత్సుజావా ఊరి అనుభవం చెప్పి తీరాలి. ఆ ప్రాంతంలో భూమి కింద సహజ వాయువు ఉంది. దానితో సొంతంగా కరెంటు తయారుచేసి, తీగలను భూమి లోపలినుంచి వేసి, పక్కనున్న ఇళ్లకు కూడా ఇచ్చేలా కట్టిన కొత్త మిచి నో ఎకిని 2019 సెప్టెంబరు 1న తెరిచారు. సెప్టెంబరు 9న పెను తుపాను వచ్చింది. చిబా అంతటా స్తంభాలు కూలి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. ముత్సుజావా మిచి నో ఎకిలో దీపాలు వెలిగాయి. జనరేటర్ల వేడితో నీళ్లు కాచి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఉచితంగా స్నానాలు చేయించారు. వందల మంది వచ్చారు.

ఈశాన్యాన రికుజెంతకాతాలో 2011 మార్చి 11 సునామీకి అక్కడి మిచి నో ఎకి ధ్వంసమైంది. గుల్లగా మిగిలిన పాత భవనాన్ని అలాగే ఉంచి, నీళ్లు 14.5 మీటర్ల ఎత్తుకు చేరాయని దానిమీద గుర్తు పెట్టారు. 2019 సెప్టెంబరులో దగ్గర్లోనే కొత్తది తెరిచారు, సునామీ స్మారక మ్యూజియంతో కలిపి. ఒక వైపు మ్యూజియం, ఇంకో వైపు స్థానిక సముద్రపు సరుకు అమ్మే అంగడి. చనిపోయినవాళ్లను తలచుకోవడానికి వచ్చినవాళ్లు బతికున్నవాళ్ల దగ్గర నాలుగు వస్తువులు కొని వెళ్తారు.

జపాన్‌లో ఉద్యోగాలు చేస్తున్న, చదువుకుంటున్న తెలుగువాళ్లకూ, ఇక్కడినుంచి చూడటానికి వెళ్లేవాళ్లకూ కొన్ని పనికొచ్చే సంగతులు. వీటికి రైళ్లూ బస్సులూ అంతంతమాత్రం, కారు ఉంటేనే సుఖం. భారతదేశంలో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం అక్కడ చెల్లుతుంది, అక్కడా ఎడమ వైపే నడపాలి. మంచి సరుకు కావాలంటే ఉదయం పదికి ముందే చేరాలి. అంగడి సాధారణంగా సాయంత్రం ఐదు, ఆరింటికి మూసేస్తారు, రాత్రి ఉండేవి పార్కింగూ మరుగుదొడ్లే. అలసిపోతే కారులో ఓ కునుకు తీయవచ్చు, కానీ గుడారం వేసి, పొయ్యి వెలిగించి మకాం పెట్టకూడదు. చిన్న చోట్ల కార్డు చెల్లకపోవచ్చు, నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి. కూరగాయల నూడుల్స్ అని రాసి ఉన్నా రసంలో సాధారణంగా ఎండు చేపల సారం ఉంటుంది. ఉమెబొషి అనే పులుపు పండు ఊరగాయ పెట్టిన అన్నం ముద్దలు, కాల్చిన చిలగడదుంప, బియ్యపు పిండి ఉండలు, పళ్లు మాత్రం సాధారణంగా తినవచ్చు. అర మీద వంకర దోసకాయలు కనిపిస్తే, పక్కన నిటారువి ఉన్నా సరే, వంకరవే కొనండి. వాటి లేబుల్ మీద పేరున్న మనిషికి ఆ సాయంత్రం ట్రక్కులో వెనక్కి తీసుకెళ్లే సరుకు కొంత తగ్గుతుంది.